అద్దాల పెట్టెలో బల్లెం మొన

పొద్దున ఏడూ నలభైకి ఎర్మెలిందా సోసా తకువారల్ పోలీసు స్టేషన్లోకి వచ్చి, ఎవరినీ అడక్కుండా ఇన్‌స్పెక్టర్ లిబ్రాదా ఓవెలార్ బల్ల మీద గోనెసంచి బోర్లించింది. తుప్పు పట్టిన ఇనప ముక్కలు పదకొండు దడదడమంటూ కాగితాల మీద పడ్డాయి.

"బల్లంతా పాడు చేశావు కదమ్మా!" లిబ్రాదా చల్లనీళ్ళలో ఆకులు నానేసి తాగే తెరెరే గ్లాసును పక్కకు జరుపుకుంది.

"బల్లదేముంది, తుడిస్తే పోతుంది. ముందు ఇవి చూడు ఇన్‌స్పెక్టరమ్మా."

ఎర్మెలిందాకు యాభై ఎనిమిదేళ్ళు. పొద్దున బజార్లో తెరెరేలో నలిపి వేసుకునే ఆకులూ వేర్లూ అమ్ముతుంది. మధ్యాహ్నం మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని పొలాల మీద పడుతుంది. తకువారల్ చుట్టుపక్కల ఆ యంత్రం ఉన్న ప్రతివాళ్ళూ వెతికేది ఒకదాని కోసమే: నూటయాభై ఏళ్ళ కిందట మూడు దేశాలతో జరిగిన మహాయుద్ధంలో జనం పారిపోతూ పూడ్చిపెట్టిన వెండి. ఆరేళ్ళు తిరిగినా ఆమెకు వెండి దొరకలేదు. దొరికిందంతా ఇనుమే. చివరికి ఆ ఇనుమంటేనే ఆమెకు ఇష్టం పుట్టింది.

ఆమె ముక్కల్ని రెండు కుప్పలు చేసింది.

"ఇది రికాబు. ఇది గుర్రం నోట్లో పెట్టే కళ్ళెం, మధ్యలో కీలు చూడు. ఇది బండిచక్రం పట్టా. ఈ చిన్న గుండ్లు ఫిరంగిలో గుప్పెళ్ళతో పోసి కాల్చేవి. ఇవన్నీ నిజంగా పాతవే. ఎలా తెలుసంటావా? ఇదిగో, విరిగిన చోట చూడు. పాతకాలం కొలిమి ఇనుము తుప్పు పడితే లోపల పోగులు లేస్తాయి, పుచ్చిన చెక్కలో లేచినట్టు. ఇప్పటి ఉక్కుకు పోగుండదు. గుంటలు పడుతుంది, పెచ్చులూడుతుంది, అంతే."

"సరేనమ్మా. ఈ పాఠం నాకెందుకు?"

"ఇందుకు." రెండో కుప్పలో మూడే ఉన్నాయి. మూడూ బల్లెం మొనలు. ఒక్కొక్కటి జానెడుంది. కింద కర్ర దూర్చే గొట్టం ఉంది. "నిన్న సాయంత్రం రైలుకట్ట వెనక వాగు గట్టున దొరికాయి. మూరెడు లోతులో, ఒకే గుంటలో. కొలిచి చూశాను. మూడూ ఒకే పొడవు, ఒకే వెడల్పు. సుత్తితో సాగగొట్టే కమ్మరి రెండు మొనలు ఒక్కలా చెయ్యలేడు, మూడెక్కడ చేస్తాడు? ఒకదాన్ని విరిచి చూశాను. పోగు లేదు. లోపలంతా బూడిదరంగు, సన్నటి పలుకు. ఇది లారీ కమాన్ పట్టీ."

"అంటే ఎవరో దొంగ వస్తువులు చేసి పాతవని అమ్ముకుంటున్నారు. ఫిర్యాదు రాసుకుంటాను. ఇక్కడ సంతకం..."

"నాలుగోది ఎక్కడుందో అడగవేం?"

లిబ్రాదా తలెత్తింది.

"మ్యూజియంలో ఉంది. అద్దాల పెట్టెలో. కింద కార్డు కూడా ఉంది. 'మహాయుద్ధకాలపు బల్లెం మొన. ఇన్‌స్పెక్టర్ లిబ్రాదా ఓవెలార్ ద్వారా లభించినది.' నీ పేరుంది కాబట్టే టీవీ వాళ్ళ దగ్గరికి పోకుండా నీ దగ్గరికొచ్చాను."

లిబ్రాదాకు చెవుల వెనక వేడి పుట్టింది. ఫిర్యాదుల పుస్తకం మూసేసింది.

తొమ్మిదేళ్ళ కిందట, ఆగస్టు పన్నెండున, పాతర వెండి వెతికే అన్సెల్మో గర్సేతే తాను తవ్వుకున్న గోతిలోనే తల పగిలి శవమై కనిపించాడు. మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు తేల్చాడు. శవం భుజం కింద ఒక బల్లెం మొన దొరికింది. దాన్ని బయటికి తీసింది లిబ్రాదాయే. నేరుగా మ్యూజియం చూసుకునే అబ్దోన్ మెసా మేష్టారి దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆరో తరగతిలో ఆమెకు చరిత్ర చెప్పింది ఆయనే. మేష్టారు కళ్ళజోడు సర్దుకుని, "నూటయాభై ఏళ్ళ నాటిది అమ్మాయ్, ఆ నేలలో ఎప్పటి నుంచో ఉంది," అన్నారు. మొత్తం ఐదు నిమిషాలు. ఆకారం స్పష్టంగా కనబడుతుందని మేష్టారు బ్రష్షు అందిస్తే, మ్యూజియం పెరట్లో కుళాయి కింద శుభ్రంగా కడిగింది లిబ్రాదాయే. రిపోర్టులో 'హత్యతో సంబంధం లేని పాత వస్తువు' అని రాసింది.

అన్సెల్మోతో కలిసి వెతికే నికనోర్ లెస్కానో పారతో కొట్టి చంపాడని తేల్చిందీ ఆమే. పార మీద రక్తం లేదు. 'కడిగేసి ఉంటాడు' అని రాసింది. నికనోర్‌కు ఇరవై ఏళ్ళ జైలుశిక్ష పడింది. అతను రెండుసార్లు అప్పీలు వేసుకుంటే, పోలీసుల తరఫున రెండుసార్లూ వద్దని రాసిచ్చింది ఆమే. నికనోర్ భార్య బస్టాండు దగ్గర చీపా రొట్టెలు అమ్ముతుంది. తొమ్మిదేళ్ళుగా లిబ్రాదా చీపా కొనాలంటే ఊరి అవతలి చివరికి వెళ్ళి కొనుక్కుంటోంది. ఎందుకని తనను తాను ఎప్పుడూ అడగలేదు.

"ఆ గుంట చూపించు," అంది లేస్తూ.

తొమ్మిదీ పావుకు ఇద్దరూ వాగు గట్టు మీద ఉన్నారు.

గుంట చిన్నది. అడుగున మట్టి తెల్లగా గట్టిపడి ఉంది. లిబ్రాదా వేలితో గీరి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు.

"ఉప్పు చల్లి, వెనిగర్ పోసి, తడిపి మూసేస్తే నెలరోజుల్లో నూరేళ్ళ తుప్పు పట్టేస్తుంది," అంది ఎర్మెలిందా. "పైపై తుప్పు. కొలిమి ఇనుము కాదు కదా, లోపలికి దిగదు."

మొనల్ని చుట్టి పెట్టిన ఎరువుల సంచి చిరుగులు గుంట అంచునే ఉన్నాయి. లిబ్రాదా చేతితొడుగు వేసుకుని ఒక్కొక్కటీ విప్పింది. నాలుగో ముక్క మీద అచ్చు మిగిలి ఉంది. సంచి నింపిన తేదీ. హత్య జరిగిన ఏడాది, జూన్ నెల.

ఆమె లేచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. అన్సెల్మో శవం దొరికిన చోటు తుమ్మచెట్ల మధ్య ఇప్పటికీ పల్లంగా తెలుస్తూనే ఉంది. రెండువందల నలభై అడుగులు.

"అన్సెల్మో యంత్రం ఆ గుంట దగ్గర కూత పెట్టి ఉంటుంది," అంది ఎర్మెలిందా వెనకే వస్తూ. "తవ్వాడు. నాలుగు దొరికాయి. మూడు అక్కడే కప్పేసి, ఒక్కటి పట్టుకుని వాటిని పూడ్చినవాణ్ణి నిలదీశాడు. అయినా ఆ తర్వాత వాడు మిగిలిన మూడూ ఎందుకు తీసుకుపోలేదంటావ్?"

"పదిరోజులు ఇక్కడ పోలీసులు కాపలా ఉన్నారు. నేనే పెట్టించాను. ఆ తర్వాత ఈ వైపు రావడానికి వాడికి ధైర్యం చాలి ఉండదు." లిబ్రాదా పల్లం వైపే చూస్తోంది. "రెండువందల నలభై అడుగులు. ఆ రోజు నేను యాభై అడుగుల దాకానే వెతికించాను."

ఎర్మెలిందా సంచిలోంచి ఒక మొన తీసి, గొట్టం అతికిన చోటును భూతద్దంతో చూపించింది. అడ్డంగా వెల్డింగ్ గీత. అలలు అలలుగా, చివర చిన్న గుంట.

"మా ఆయన వెల్డరు, పాపం, పోయి ఏడేళ్ళయింది. కుడిచేతివాడు ఎడమ నుంచి కుడికి లాగుతాడు. ఆఖరి గుంట కుడివైపు మిగులుతుంది. ఇక్కడ ఎడమవైపుంది. మూడింటికీ అంతే."

"మొన తనవైపు తిప్పి పట్టుకుని చేసి ఉండొచ్చుగా?"

"కత్తి లాంటి మొన పొట్టవైపు పెట్టుకుని ఎవడమ్మా పనిచేసేది? వీడు ఎడమచేతివాటం."

పదకొండూ ఐదుకు లిబ్రాదా ఒక్కతే మ్యూజియం గుమ్మం ఎక్కింది. అబ్దోన్ మేష్టారు డెబ్బై దాటినా నిటారుగానే ఉన్నారు. తెల్ల చొక్కా ఇస్త్రీ నలగలేదు.

"రా అమ్మాయ్, ఎన్నాళ్ళకు! కూర్చో. తెరెరే కలపనా?"

"వద్దు మేష్టారూ. ఆ పెట్టె తెరవండి."

"ఏ పెట్టె?"

"నా పేరున్న పెట్టె."

మేష్టారు తాళాల గుత్తిలో రెండు తాళాలు తప్పు పెట్టి మూడోది తిప్పారు. లిబ్రాదా మొనను చేతిలోకి తీసుకుంది. దాని ఒంటినిండా నల్లటి మైనం దట్టంగా పూసి ఉంది. జేబుకత్తి తీసి గొట్టం మొదట్లో గీరింది.

"అయ్యో, అదేం పని! పురాతన వస్తువు అది!"

"జూన్‌లో నింపిన ఎరువుల సంచి అంత పురాతనమా?"

మైనం కింద నుంచి వెల్డింగ్ గీత బయటపడింది. అలలు అలలుగా. ఆఖరి గుంట ఎడమవైపు. లిబ్రాదా దాన్ని ఆయన కళ్ళజోడు ముందు పట్టింది.

"యుద్ధకాలంలో కరెంటు వెల్డింగ్ ఉండేదా మేష్టారూ?"

ఆయన చాలాసేపు చూశారు. "లేదు," అన్నారు మెల్లగా. "ఎవరో నన్ను మోసం చేశారన్నమాట."

"దీన్ని మీకెవరూ అమ్మలేదు. శవం కింద దొరికితే నేను తెచ్చాను. మీరు చూసి పాతదన్నారు."

"చూసి పొరబడ్డాను. నేను నిపుణుణ్నని ఎప్పుడన్నానమ్మాయ్? బడిపంతుల్ని. నన్ను నిపుణుణ్ని చేసింది నీ రిపోర్టు. 'నిపుణుల అభిప్రాయం ప్రకారం' అని రాశావు. కోర్టులో చదివినప్పుడు నాకే సిగ్గేసింది."

"ఆగస్టు పన్నెండు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఎక్కడున్నారు?"

"ఇక్కడే."

"పన్నెండు నుంచి మూడు దాకా మ్యూజియం మూసేస్తారు."

"మూసేసి లోపలే కునుకు తీస్తాను. ఊరందరికీ తెలుసు."

"చూసినవాళ్ళున్నారా?"

"తొమ్మిదేళ్ళయ్యాక ఎవరినని తెచ్చేది? ఆ వారంలో అడిగుంటే ఎవరో ఒకరు చెప్పేవారేమో. అడగాల్సింది నువ్వు. నువ్వు అడగలేదు."

మాట మెత్తగానే ఉంది. చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆయన చెప్పిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ రోజు ఈ మనిషిని అనుమానించాలన్న ఊహే ఆమెకు రాలేదు. ఆయన తలూపి, భుజం తట్టి, "తెలివైనదానివమ్మాయ్" అన్నందుకు పొంగిపోయి వెళ్ళింది.

ఆ ఉక్రోషంలోనే ఆమె నోరు జారింది.

"పర్వాలేదు మేష్టారూ. దీన్ని చేసినవాణ్ణే అడుగుతాను. వాడు ఎడమచేతివాటం వెల్డరు. ఈ ఊళ్ళో అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?"

మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఆమె పెరట్లోకి వచ్చేసరికి వెనాన్సియో రివారోలా మోటారుసైకిలు స్టాండు వేస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ఇప్పుడతను జిల్లా డిప్యూటీ కమిషనర్. ఆమె ఇంకా ఇన్‌స్పెక్టరే.

"స్టేషన్ నుంచి ఫోనొచ్చింది," అన్నాడు. "ఇనప ముక్కలు దొరికాయట. నీకు చరిత్ర మీద మళ్ళీ ప్రేమ పుట్టిందట."

"వెటకారం తర్వాత, వెనాన్సియో."

"తర్వాతెందుకు? తొమ్మిదేళ్ళుగా దాచుకున్నాను. ఆ రోజు గోతి దగ్గర నేనేమన్నానో గుర్తుందా?"

గుర్తుంది. ఈ ఇనుమును రాజధానికి, అసున్సియోన్ లాబ్‌కు పంపిద్దామన్నాడు.

"నువ్వేమన్నావో గుర్తుందా?"

అదీ గుర్తుంది. 'చరిత్ర పరీక్ష తప్పినోడికి ఇనుముతో ఏం పని?' అంది. కానిస్టేబుళ్ళూ, ఫొటోలు తీసేవాడూ, శవాన్ని మోసుకెళ్ళేవాళ్ళూ అందరూ నవ్వారు.

"గుర్తుంది," అంది.

"నెల తిరక్కుండా నన్ను దేశం అవతలి కొసకి, చాకోకి తోశారు. నాలుగేళ్ళు ముళ్ళకంపల మధ్య ఉప్పునీళ్ళు తాగాను. నువ్వేమో పేపర్లో ఫొటో వేయించుకున్నావు, ఇదే ఇనుము చేత్తో పట్టుకుని." చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు. ఈ కేసు ఇక నీది కాదు. ఇప్పుడు ఈ కేసులో ప్రశ్నించాల్సింది నిన్నే."

ఆమె మొనను ఆధారాల సంచిలో వేసి, మూతి అంటించి, తన సంతకం చేసి, అతని సంతకం కూడా అడిగింది. రివారోలా ఆశ్చర్యంగా చూస్తూ పెట్టాడు.

"సాయంత్రం ఆరింటి దాకా టైమివ్వు."

"తొమ్మిదేళ్ళు చాల్లేదా?"

"చాల్లేదు. అందుకే అడుగుతున్నాను."

"ఆరింటికి ప్రాసిక్యూటర్ ముందు కూర్చుంటాను. కాగితం మీద మొదటి పేరు నీదే ఉంటుంది లిబ్రాదా. అందులో మొహమాటం లేదు."

"మొదటే రాసుకో. రెండో పేరు నేను తెస్తాను."

అతను మోటారుసైకిలు ఎక్కాడు. కిక్కు తన్నబోయి ఆగాడు. "నికనోర్ భార్యకు ఎవరు చెప్తారు? నువ్వా, నేనా?"

లిబ్రాదా జవాబు చెప్పేలోగా బండి వెళ్ళిపోయింది.

ఎడమచేతివాటం వెల్డరు ఎవరో కనుక్కోవడానికి ఆమెకు గంటన్నర పట్టింది. తలుపులన్నీ వేసుకుని ఊరు కునుకు తీసే వేళ. లారీ షెడ్డులో ఒకణ్ణీ, చెరుకుమిల్లు దగ్గర ఇంకొకణ్ణీ నిద్రలేపి తిట్లు తింది. చివరికి ఎర్మెలిందా ఫోన్ చేసి ఒక పేరు చెప్పింది: సిల్వినో పనియాగ్వా. ఇప్పుడు పని మానేశాడట, కోళ్ళఫారం దాటాక ఉంటాడట.

ఒకటీ ఇరవైకి ఆమె ఆ ఇంటి ముందు నిలబడి చప్పట్లు కొట్టింది. అక్కడ తలుపు తట్టే అలవాటు లేదు. గేటు బయట చప్పట్లు కొడతారు.

సిల్వినో వచ్చి గేటు తీశాడు. పొట్టిమనిషి. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఎడమచేత్తోనే గడియ తీశాడు.

ఆమె ఎర్మెలిందా ఇచ్చిన మొన చూపించింది. అతను చేతిలోకి కూడా తీసుకోలేదు.

"నాదే," అన్నాడు. "లోపలికి రండి, ఎండగా ఉంది."

పాత కొలిమి కొట్టంలో రెండు స్టూళ్ళున్నాయి. ఆమె ఒకదాని మీద కూర్చుంది.

"ఎన్ని చేశావు తాతా?"

"నాలుగు. లారీ కమాన్ పట్టీ కోసి చేశాను. అబ్దోన్ మేష్టారు చేయించుకున్నారు. మార్చి ఒకటిన వీరుల ఊరేగింపులో పిల్లలకట, కర్రలకు తొడగాలట. జులైలో ఇచ్చాను. మార్చి ఊరేగింపుకు జులైలో తొందరేంటా అనుకున్నా. మేష్టారు కదా, అడగలేదు."

లిబ్రాదాకు ఒళ్ళు తేలికైనట్టనిపించింది. తాను చేయించిన మొననే చేత్తో పట్టుకుని నూటయాభై ఏళ్ళ నాటిదని చెప్పాడు ఆ మనిషి. రెండో పేరు దొరికింది. ఆ తేలికలోనే, నేరస్థుణ్ణి గదిమినట్టు, అలవాటు కొద్దీ గొంతు పెంచింది.

"మరి ఇన్నేళ్ళూ నోరెందుకు మూసుకున్నావు? ఒక మనిషి జైల్లో మగ్గుతున్నాడని తెలుసుగా? ఒక్కసారి స్టేషన్‌కొచ్చి చెప్తే పోయేదిగా?"

సిల్వినో ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏదో తేల్చుకోవాలన్నట్టు చూశాడు.

"వచ్చానుగా," అన్నాడు.

"ఎప్పుడు?"

"పేపర్లో మీ ఫొటో పడిన రోజునే. మీ చేతిలో నా మొన ఉంది. అన్నం తినబోతున్నవాణ్ణి తినకుండా వచ్చాను. మీ గదిలో ఎవరో ఫొటోలవాళ్ళున్నారు. నిలబడి చెప్పాను. అమ్మా, ఇది పాతది కాదు, నేను చేశాను, జులైలో చేశాను అని. మీరు విన్నారు. విని, నా ముందే ఫోన్ తీసి మేష్టారికి కలిపారు."

ఆమెకు ఆ ముఖం గుర్తు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. నవ్వు గుర్తొచ్చింది. తన సొంత నవ్వు. 'మేష్టారూ, ఇక్కడ ఒక పెద్దాయనొచ్చాడు, సిల్వినో అట. మీ మహాయుద్ధపు బల్లెం తనే చేశాడంటున్నాడు. అయితే ఈయనకు నూటయాభై ఏళ్ళన్నమాట!' ఫొటోలవాడు కూడా నవ్వాడు.

"సారాకొట్టు దారి అటు, తాతా అన్నారు. నేను సారా ముట్టను," అన్నాడు సిల్వినో. "సాయంత్రానికి మేష్టారు వచ్చి ఈ స్టూలు మీదే కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ నాకు చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగదు సిల్వినో, నువ్వు ఏం చెప్పినా అది నా దగ్గరికే వస్తుంది అన్నారు. మీ కోడలు గర్భంతో ఉంది కదా, జాగ్రత్త అన్నారు. అంతే. ఇంకెవరి దగ్గరికెళ్ళను?"

లిబ్రాదా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. క్షమించమనడానికి నోరు తెరిచింది. ఆ మాట ముందు చెప్పాల్సింది ఈయనకా, జైల్లో ఉన్నాయనకా, బస్టాండులో రొట్టెల బుట్ట ముందు కూర్చున్న ఆమెకా అన్నది తేలక మూసుకుంది. పొద్దుటి నుంచి తను పొరబడ్డానని అనుకుంటోంది. పొరబాటుకు ఇంత బరువుండదు. సాక్షిని చేతులారా హంతకుడికి అప్పజెప్పింది.

"ఇవాళ కూడా వచ్చారు," అన్నాడు సిల్వినో.

"ఎవరు?"

"మేష్టారు. మీకు అరగంట ముందు. ఎడమచేతివాటం గురించి అడుగుతారు, నీకేం తెలియదని చెప్పు అన్నారు. నేను మొన ఆకారం గీసిచ్చిన అట్ట ఏదైనా మిగిలుంటే ఇచ్చెయ్యి అన్నారు."

'ఈ ఊళ్ళో అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?' మేష్టారి ముందు విసిరిన తన మాటే ఆమెకు మళ్ళీ వినిపించింది. తొమ్మిదేళ్ళ తర్వాత, అదే మనిషిని అదే మనిషికి మళ్ళీ పట్టిచ్చింది.

"ఇచ్చేశావా?"

"ఇచ్చాను. గునపం మొనకు కోసుకున్న అట్ట ఇచ్చాను. చూపు సరిగా లేదు కదా ఆయనకు, జేబులో పెట్టుకుని పోయారు."

సిల్వినో లేచి, దాగలి పెట్టిన మొద్దు వెనక్కి చెయ్యి పోనిచ్చి, నూనెగుడ్డలో చుట్టిన అట్ట తీశాడు. బల్లెం మొన ఆకారంలో కోసిన అట్ట. మధ్యలో ఎర్రసిరాతో రాత: 'నాలుగు. జులై ఇరవై లోపల. అతుకు కనబడకూడదు.' కింద రెండు పొడి అక్షరాలు. ఆ ఎర్రసిరా అక్షరాలు, కొక్కేల్లాంటి ఆ తోకలు, ఆమె ఆరో తరగతి పుస్తకాల అంచుల నిండా ఉండేవి.

ఆమె ఫోన్ తీసి రివారోలాకు కలిపింది.

"ఏంటి, ఆరు చాల్లేదా?" అన్నాడతను.

"కోళ్ళఫారం దాటాక సిల్వినో పనియాగ్వా ఇల్లు. వెంటనే మనుషుల్ని తీసుకుని రా. సాక్షి ఉన్నాడు, మేష్టారి చేతిరాత ఉంది. వాంగ్మూలం నేను రాయను, నువ్వే రాసుకో. ఈయన తొమ్మిదేళ్ళ కిందటే నా దగ్గరికొచ్చాడు. నేను తరిమేశాను. అది మొదటి వాక్యంగా రాయి."

"ఇరవై నిమిషాలు," అన్నాడు రివారోలా. గొంతులో వెటకారం లేదు. "తలుపు వేసుకుని ఉండండి."

ఆమె ఫోన్ జేబులో పెట్టుకుంది. సిల్వినో అట్టను మళ్ళీ గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

"దీన్ని ఎందుకు దాచావు తాతా, అంత భయంలో కూడా?"

"ఎప్పుడో ఎవరో ఒకరు వినేవాళ్ళు రాకపోతారా అని," అన్నాడు. "మీరొస్తారని మాత్రం అనుకోలేదు."

ఆమె తల దించుకుంది. అప్పుడే గేటు దగ్గర చప్పట్లు వినిపించాయి. మూడు చప్పట్లు, తాపీగా, తరగతి గదిలో పిల్లల్ని నిశ్శబ్దం చేసినట్టు.

"సిల్వినో! ఈ అట్ట అది కాదోయ్. గేటు తియ్యి."

ఒకటీ నలభై. రివారోలా రావడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. లిబ్రాదా వేలితో సైగ చేసి ముసలాయన్ను లోపలి గదిలోకి పంపి గడియ పెట్టించింది. అట్టను చొక్కా లోపల దోపుకుని, తుపాకీ తిత్తి బొత్తాం విప్పి, తనే వెళ్ళి గేటు తీసింది.

మేష్టారు ఆమెను చూసి ఒక్క క్షణం మాత్రమే తడబడ్డారు. చంకలో పొడుగాటి గోనెసంచి ఉంది, లోపలి ఇనుము బరువుకు కిందికి వేలాడుతోంది.

"నువ్వా అమ్మాయ్! మంచిదే." ఆయన నవ్వారు, మార్కులేసేటప్పుడు నవ్వే నవ్వు. "ముసలాడికి మతి సరిగా లేదు పాపం. ఏం చెప్పాడు? ముందు నాకు చెప్పు. తర్వాత ఏం రాయాలో ఇద్దరం కలిసి చూద్దాం."

చిన్నప్పటి నుంచి ఆ గొంతుకు జవాబు చెప్పడం ఆమెకు అలవాటు. నాలిక చివరిదాకా వచ్చింది.

"చెప్పను మేష్టారూ," అంది లిబ్రాదా.

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం సంచిలోకి దిగింది.